కడరాయి ఎవరు ఒత్తాలి

ఈ రోజు పొద్దున కుంపటి రాజేసి లక్క వేడి చేస్తుండగా దిబ్బూరహళ్ళి నుంచి ఒక అమ్మాయి తన కమ్మల కోసం వచ్చింది. గడప దాటుతూనే ముక్కు ఎగబీల్చి, "ఏం వాసనక్కా ఇది? గుగ్గిలం మాదిరుండాది," అంది. లక్క వాసన నాకిప్పుడు తెలియనే తెలియదు. ఇన్నేళ్ళుగా దానిలోనే ఉన్నదాన్ని, చేపకు నీళ్ళ వాసన తెలుస్తుందా? కానీ బయటివాళ్ళెవరైనా ఆ మాట అన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం నా ముక్కు కూడా కొత్తదైపోతుంది. చింతామణిలో మా పక్కింటి కిటికీ, అందులోంచి వచ్చే ఇదే వాసన, దానితో పాటే "ఎవురది, వెలుతురుకు అడ్డం నిలబడింది?" అని ఒక కేక. ఆ కేక పాపక్కది.

పాపక్క అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ పట్టలేదు. ముసలివాళ్ళకూ పాపక్కే, పసిపిల్లలకూ పాపక్కే. భారీ మనిషి. నోరు అంతకన్నా భారీ. బజారులో బంగారం పనిచేసే ఆచార్లు నగను తయారుచేసి, రాళ్ళు కూర్చోవలసిన గూళ్ళు ఖాళీగా ఉంచి, రాళ్ళ పొట్లంతో సహా ఆమె ఇంటికి పంపేవాళ్ళు. ఆమె కిటికీ కింద పీట వేసుకుని, నగను ఒక కర్ర మీది లక్కకు అంటించి, గూట్లో కొంచెం లక్క నింపి, మైనం పుల్లతో రాయిని ఎత్తి అందులో కూర్చోబెట్టేది. తరవాత చుట్టూ ఉన్న బంగారపు అంచును చిన్న ఉలితో రాయి మీదికి ఒరిగించేది. కెంపులు, పచ్చలు, తెల్లరాళ్ళు, ఏవైనా సరే. "ఈ చుట్టుపక్కల నా అట్లాంటి చెయ్యి ఇంకోటి చూపించండి. నా కమ్మలు ఇప్పుడే తీసిచ్చేస్తా," అని వచ్చినవాళ్ళందరితోనూ సవాలు. తమాషా ఏమిటంటే ఆ కమ్మల్లోనే ఒక రాయి లేదు. ఏడు కెంపుల కమ్మలవి. ఎడమ చెవి దానిలో నడిమి గూడు బోసిగా ఉండేది. దీపం కిందే చీకటి అని వీధంతా నవ్వేది. ఆమెకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. "ఎవురి నగ వాళ్ళు పొదుక్కోకూడదు, ఇంకొకరి చెయ్యి పడాల. ఈ ఊర్లో ఎవురికిచ్చేది? అన్నీ రోకలి చేతులే," అనేది. రాలిన ఆ కెంపు ఆమె కుంకుమ భరిణె అడుగున పడి ఉండేది.

మాది మంచేనహళ్ళి పక్కన ఒక పల్లె. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ గుడి సేవ చేసుకునేవాళ్ళే. నేను చింతామణికి కోడలిగా వచ్చిన కొత్తలో పొద్దు పోయేది కాదు. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. దాన్ని దాచడమెందుకని మా అమ్మ పెళ్ళిచూపుల్లోనే చెప్పేసింది, మహాతల్లి. మా అత్తగారు కొన్నాళ్ళు నన్ను భరించి, ఒకరోజు పక్కింటి వైపు చూపించింది. "పాపక్క దగ్గర కొంచేపు కూచోనిరా పో శారదా. ఇద్దురికీ నోరు జాస్తి, దానికీ దానికీ సరిపోతాది," అంది. పోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. నేను పైన చెప్పిన కేక అప్పుడు పడిందే. "ఊరికే చూసేటట్లయితే సినిమాకు పో. చూస్తావా, చేస్తావా? ఆ గొట్టం తీసుకోని కుంపట్లోకి ఊదు." ఊదాను. బూడిదంతా ఎగిరి ఆమె మొహాన పడింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఊపిరైతే బాగుండాది," అంది. అంతే, నా కొలువు కుదిరిపోయింది.

పాపక్క నగ కంటే ముందు మనిషిని చూసేది. కమ్మలు బాగుచేయించుకోవడానికి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "యా పక్కకు తిరిగి పడుకుంటావమ్మా?" మొగుళ్ళ ముందు, మామల ముందు, ఎవరి ముందైనా అడిగేసేది. కొత్త పెళ్ళికూతుళ్ళు సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. ఆమె అడిగేది పని కోసమే. ఒత్తిగిలి పడుకునే చెవి వైపు కమ్మకు ఒరుపు ఎక్కువ. అందుకని ఆ వైపు అంచు ఇంకొంచెం మందంగా ఒరిగించాలి. ఒకసారి సాదలి నుంచి పట్టుపురుగులు మేపే ఒకామె వచ్చింది. ఆమెనూ అదే అడిగింది. పురుగు పొర విడిచే సమయాన్ని ఇక్కడివాళ్ళు జొరం అంటారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పురుగు నాలుగో జొరం లేచినాక పడుకునేదే లేదు పాపక్కా, యా పక్కని చెప్పేది?" అంది. పాపక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "అయితే రెండు పక్కలా గట్టిగా బిగిస్తాలే. పురుగులు గూడు కట్టినాక యా పక్కకైనా పడుకో."

ఇంకో పద్ధతి కూడా ఉండేది. అది నేను ఇంకెక్కడా చూడలేదు. నగలో చివరి రాయిని ఆమె కడరాయి అనేది. దాన్ని ఆమె కూర్చోబెట్టేది కాదు. ఆ నగ ఎవరిదో వాళ్ళే రావాలి. గూట్లో లక్కను మళ్ళీ మెత్తబరిచి, రాయిని గూటి నోట్లో నిలబెట్టి, "ఒత్తు," అనేది. వాళ్ళు బొటనవేలితో ఒత్తేవాళ్ళు. ఆ తరవాతే ఆమె అంచు ఒరిగించేది. "నీ వేలితో ఒత్తినావు. ఇంక ఇది నీది. రాలితే నన్నడగొద్దు," అని నవ్వేది. చమత్కారంగానే అనేది కానీ ఆ మాటకు చుట్టుపక్కల ఊళ్ళలో పెద్ద విలువ ఉండేది. కడరాయి ఒత్తినవాళ్ళదే నగ. అన్నదమ్ముల భార్యలు తగువులాడుకుంటే, "పాపక్క దగ్గర ఎవురు ఒత్తినారు?" అని అడిగేవాళ్ళు. కొందరు కళ్ళు మూసుకుని ఒత్తేవాళ్ళు. ఒకామె ఒత్తి, పీటకు దండం పెట్టుకుంది. నాకైతే అదంతా చూడ్డం పండగలా ఉండేది.

ఇక నా చదువు సంగతి. పాపక్క నాకొక ఇత్తడి బిళ్ళ, గుప్పెడు గాజు రాళ్ళు ఇచ్చింది. నేను పొద్దంతా మెడలు విరుచుకుని కూర్చోబెట్టిన రాయిని ఆమె గోరుతో ఒకసారి తోసి, సూదితో ఎత్తి, పళ్ళెంలో టింగుమని పడేసేది. "మళ్ళీ." ఒక్క మాటే. ఎందుకు బాగాలేదో చెప్పేది కాదు. అడిగితే, "రాయినడుగు," అనేది. ఒకరోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మైనం పుల్ల విసిరేసి, "మీకు పీకడమే వచ్చు!" అని అరిచి ఇంటికొచ్చేశాను. సాయంత్రం గోడ మీదుగా ఒక గిన్నె దిగింది. వేడివేడి ఒబ్బట్లు. వెనకే గొంతు: "నేను పీకింది రాయిని. నిన్ను కాదు. తిని, రేపు బిన్న రా." ఏం చెయ్యను? తిన్నాను. మరునాడు ముందుగానే పోయాను కూడా. తరవాత తరవాత ఆచార్లు పంపిన అసలు నగల్లోనే నాచేత రాళ్ళు కూర్చోబెట్టించింది. పీకడం మాత్రం మానలేదు. ఎప్పుడైనా ఒక రాయిని పీకకుండా వదిలేస్తే, "పర్వాగిల్ల," అనేది. పర్వాలేదని చెప్పే ఆ ఒక్క మాట మాత్రం కన్నడంలోనే అనేది. బాగుంది అనే మాట తెలుగులో ఆమె నోట నేను వినలేదు.

అట్లా ఏళ్ళు గడిచాయి. అప్పుడు పాపక్కకు బల్బులు నచ్చకుండా పోయాయి. "ఈ మధ్య బల్బులు సరిగ్గా చేస్తాండారా వీళ్ళు? వెలుతురే లేదు," అని ఒకదాని తరవాత ఒకటి మార్పించేది. ఆమె కొడుకు రమేశ ప్రైవేటు బస్సు డ్రైవరు. పాపం, ట్రిప్పు నుంచి వచ్చినప్పుడల్లా ఒక కొత్త బల్బు చేతిలో పట్టుకుని వచ్చేవాడు. బల్బుల్లో ఏ లోపమూ లేదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. కళ్ళల్లో పొర. ఆపరేషను మాట ఎత్తితే ఆమె మీద పడి కరిచేది. రాళ్ళన్నీ అప్పటికి నేనే కూర్చోబెడుతున్నాను, ఆమె గోరుతో తోసి చూస్తోంది, అంతే. కానీ బజారుకు అది తెలియదు. ఆచార్లకు పాపక్క చెయ్యే కావాలి. ఒక ఆచారి నా మొహం మీదే అన్నాడు, "ఆ యమ్మ మానేస్తే మేము బెంగుళూరికి పంపుకుంటామమ్మా. నిన్నెవురు చూసినారు?" నాకు ఇంకే పనీ రాదు, వద్దు కూడా. ఆ కిటికీ కింద పీటే నా లోకం. పాపక్క ఒక్క మాట నలుగురి ముందు అంటే అది నాదవుతుంది. అనకపోతే ఆమెతో పాటే పోతుంది. అడగడానికి నాకు అహం అడ్డం. ఆమె సంగతి చెప్పనే అక్కరలేదు.

ఉన్నట్టుండి ఒకనాడు ఆమె కొడుకును పిలిచి, "ఆ కంటి ఆస్పత్రికి తీసుకోనిపో," అంది. మేమిద్దరం నోరు వెళ్ళబెట్టాం. ఎందుకు మనసు మారిందో చెప్పలేదు. బయలుదేరుతూ గడపలో ఆగి నాతో అంది: "బాగేపల్లి సావిత్రమ్మ కమ్మలు నువ్వే ముగించు. వస్తే కడరాయి ఒత్తించు. గమ్మున ఏడుపు మొహం పెట్టుకోని కూచోవద్దు." సావిత్రమ్మది బాగేపల్లి దగ్గర పెద్ద సేద్యం ఉన్న ఇల్లు. అత్తగారి నుంచి వచ్చిన పాత కెంపు కమ్మలు, లక్క పొడిబారి రాళ్ళన్నీ కదిలిపోయి ఉన్నాయి. వాటిని ఒక్కదాన్నే మొదటి నుంచి చివరిదాకా చేశాను. పీకేవాళ్ళు లేరు కదా అని నేనే పీకి, మళ్ళీ కూర్చోబెట్టి, మళ్ళీ పీకాను. ఆమె లేకపోయినా ఆమె గోరు నా వేలిలో చేరిపోయినట్టుంది. అంత భయంలోనూ ఏదో సంతోషం.

కమ్మల కోసం సావిత్రమ్మ రాలేదు. మోకాళ్ళ నొప్పులట. కొడుకు, కోడలు మంజుల స్కూటరు మీద వచ్చారు. మన పద్ధతి ప్రకారం నేను అడిగాను, "కమ్మలు ఎవరివి?" ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "మా ఇంటివే అక్కా," అంది. నిజమే కదా! నేను లక్క వేడి చేసి రాయి నిలబెట్టాను. మంజుల కళ్ళు గట్టిగా మూసుకుని, నాలుక బయటపెట్టి, బొటనవేలితో ఒత్తింది. నేను అంచు ఒరిగించి, పాపక్క లాగానే, "ఇంక ఇది నీదమ్మా," అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నా మొదటి నగ, నా మొదటి కడరాయి. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

పాపక్క ఆస్పత్రి నుంచి వచ్చి, నల్లద్దాలు పెట్టుకుని చాప మీద కూర్చుని ఉండగా సావిత్రమ్మ దిగింది. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో గానీ, వీధి మొదట్లోంచే ఆమె గొంతు వినిపించింది. "ఎవురమ్మా నా కమ్మలు నా కోడలికి రాసిచ్చేసింది?" అంటూ లోపలికొచ్చి కమ్మలు పాపక్క ముందు పెట్టింది. "పాపక్కా, అది ఇంట్లో అందరికీ చెప్తా ఉండాది, కడరాయి నేను ఒత్తినా, కమ్మలు నావని. ఆ రాయి పీకి మళ్ళీ కూచోబెట్టించు. నేను ఒత్తాల. నేనింకా బతికే ఉండా!"

ఏమనను? అడగవలసిన మాట అడిగాను, వాళ్ళు చెప్పవలసిన మాట చెప్పారు, అయినా నగ వేరే మనిషిదైపోయింది. పాపక్క కళ్ళకు నీళ్ళు తగలకూడదు, కుంపటి సెగ తగలకూడదు, కానీ సూది పట్టుకోవడానికి అవేవీ అడ్డం కావు. ఇంతకాలం నా రాళ్ళను పీకిన సూది పీట మీదే ఉంది. సావిత్రమ్మ ముందు ఆ రాయిని పీకితే, సాయంత్రానికల్లా బజారు మొత్తానికి తెలిసిపోతుంది. "శారద కూర్చోబెట్టిందట, పాపక్క పీకేసిందట." ఇంక నా పీట సంగతి మరిచిపోవచ్చు. పాపక్క కమ్మను అరచేతిలోకి తీసుకుంది. గోరుతో కడరాయిని ఈ పక్క నుంచి తోసింది, ఆ పక్క నుంచి తోసింది. చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టి విన్నది.

"రాదు," అంది.

"ఏంది రాదు?" అంది సావిత్రమ్మ.

"రాయి రాదు. పీకితే అంచు చిరిగిపోతాది. శారద కూచోబెట్టింది సావిత్రమ్మా. ఈ పిల్ల కూచోబెడితే ఇంక అది కదిలేది లేదు."

"అయితే నా కమ్మలు పోయినట్లేనా?"

"యాడికి పోతాయి? ఎప్పుడికైనా నీ కోడలి చెవులకు పోవాల్సినవే కదా."

"పోతాయిలే. నా తరవాత పోతాయి."

"నీ తరవాత పోతే, నువ్వు చూసేదెప్పుడు?"

సావిత్రమ్మ చాప మీద ఒక పక్కగా కూర్చుంది. నేను కాఫీ తెచ్చి చేతికిచ్చాను. సగం తాగాక తనలో తాను మాట్లాడుకున్నట్టు చెప్పింది. "మా అత్త ఇవి చచ్చేదాకా చెవుల్లోంచి తీయలేదు పాపక్కా. నా చేతికొచ్చేటప్పటికి నాకు వెంట్రుకలు తెల్లబడినాయి. పెట్టుకోని అద్దంలో చూసుకుంటే ఏడుపొచ్చింది." లోటా కింద పెట్టి, జాకెట్లోంచి ఫోను తీసింది. "మంజులా! కమ్మలు తీసుకోనొస్తాండా. తల దువ్వుకోని ఉండు." ఫోను లోపల పెట్టుకుంటూ మా ఇద్దరినీ ఉరిమి చూసింది. "ఉగాదికి మాత్రం నేనే పెట్టుకుంటా. ముందే చెప్తాండా."

ఆమె వెళ్ళాక పాపక్కను అడిగాను, "నిజంగా రాదా ఆ రాయి?" ఆమె నల్లద్దాలు సర్దుకుంది. "నేను పీకలేని రాయి ఉంటాదా ఈ భూమ్మీద? గోరుతో తోసినా. కదల్లేదు. కదలని రాయిని యాల పీకేది?" అంతే. నేను వంటింట్లోకి పోయి కొంగు అడ్డం పెట్టుకుని తనివితీరా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

అద్దాలు తీసేసిన తరవాత ఒక ఉదయం ఆమె నన్ను పిలిచింది. పోయేసరికి కుంపటి రాజేసి ఉంది. ఆమె ఎడమ చెవి బోసిగా ఉంది. ఆ కమ్మ లక్క మీద, పక్కనే కుంకుమ అంటిన కెంపు. "కూచోబెట్టు," అంది. ఆమె చూస్తూ ఉంది, కొత్త కంటితో, రెప్ప వేయకుండా. గూడు శుభ్రం చేసి, లక్క నింపి, రాయిని గూటి నోట్లో నిలబెట్టి, "ఒత్తండి పాపక్కా," అన్నాను. ఆమె కదల్లేదు. "మీ నగ, మీరే ఒత్తాల," అన్నాను. "మాటలు చెప్తా కూచుంటే లక్క ఆరిపోతాది. ఒత్తుమ్మా!" అని గద్దించి, నా బొటనవేలు పట్టుకుని రాయి మీద పెట్టింది. లక్క చల్లారుతుందన్న కంగారులో నేను ఒత్తేశాను, అంచు ఒరిగించేశాను. తల ఎత్తేసరికి ఆమె కుడి చెవి కమ్మ కూడా తీసి పీట మీద పెట్టింది.

"ఇప్పుడు ఇవి ఎవురివి?" అంది.

వద్దన్నాను, కాదన్నాను, ఆమె వింటేనా! తనే నా చెవులకు పెట్టింది. చెవి తమ్మె కందిపోయేలా మర బిగించింది. "పెట్టుకోని బజారుకు పో. ఆ ఆచారి అంగట్లో నిలబడు. ఏమీ చెప్పొద్దు. ఆయప్పే చూస్తాడు. నా కమ్మలు ఎవురికి తీసిస్తానన్నానో ఆయప్పకు తెలుసు." తరవాత నా గడ్డం పట్టుకుంది. "అట్ల తిరుగు. కిటికీ దిక్కు. వెలుతురులోకి. ఇంకొంచెం." నేను ఏడుస్తూనే తిరిగాను. ఆమె చాలాసేపు చూసింది. "కన్ను చేయించుకునింది దేనికనుకున్నావు?" అంది.

ఆ తరవాత ఆమె బతికినన్నాళ్ళూ చెవుల్లో వేపపుల్లలే పెట్టుకుంది. ఎవరైనా అయ్యో అంటే, "నా కమ్మలు చూడాలంటే ఆడ పీట మీద కూచోనుండాది చూడు," అని నన్ను చూపించేది. ఇప్పుడు పాపక్క లేదు. పీట మా ఇంటి కిటికీ కిందికి వచ్చింది. యంత్రాల్లో పొదిగిన నగలు ఎన్ని వచ్చినా, యా పక్కకు తిరిగి పడుకుంటావని అడిగేవాళ్ళు కావాలనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. నాకు అది చాలు.

ఈ రోజు వచ్చిన దిబ్బూరహళ్ళి అమ్మాయి కూడా కడరాయి ఒత్తింది. కమ్మలు పెట్టుకుని అద్దం కోసం వెతుకుతుంటే, "అద్దం తరవాత. అట్ల తిరుగమ్మా, వెలుతురులోకి," అన్నాను. తిరిగింది. పొద్దుటి ఎండ పడి కెంపులు ఆ పిల్ల బుగ్గ మీద ఎర్రగా మెరిశాయి. "బాగుండాయా అక్కా?" అంది.

"పర్వాగిల్ల," అన్నాను.